నవాబ్ జాఫర్ జంగ్

నవాబ్ జాఫర్ జంగ్ బహదూర్ (మరణం: 1907) హైదరాబాదు సంస్థానానికి చెందిన ప్రభువంశీయుడు, ఖగోళశాస్త్రాభిమాని. హైదరాబాదులోని నిజామియా వేధశాలకు ఈయన స్థాపకుడు. ఈయన సొంత ధనంతో ప్రారంభించిన వేధశాల, ఈయన మరణానంతరం ఆకాశాన్ని ఛాయాచిత్రాలలో నమోదు చేసిన అంతర్జాతీయ కృషిలో పాలుపంచుకున్నది.

నేపథ్యం

19వ శతాబ్ది చివరి భాగంలో ఖగోళ పరిశీలనలో ఛాయాగ్రహణం ప్రవేశించింది. మానవ నేత్రం ఎంతసేపు చూచినా మసకగా ఉన్న వస్తువు మరింత స్పష్టం కాదు. ఛాయాచిత్ర ఫలకం మాత్రం తనపై పడిన కాంతిని నిమిషాల తరబడి కూడబెట్టుకుంటుంది. అందువలన కంటికి ఆనని నిహారికలు, నక్షత్రాలు ఫలకంపై కనిపిస్తాయి. అమెరికాకు చెందిన హెన్రీ డ్రేపర్ 1880లో మృగశిర నిహారికను మొదటిసారిగా ఛాయాచిత్రం తీశాడు. లండను శివారైన ఈలింగ్‌లో ఇంజనీరు ఆండ్రూ కామన్ తన ఇంటి తోటలో నెలకొల్పిన 36 అంగుళాల దూరదర్శినితో 1883లో అదే నిహారికను చిత్రీకరించాడు. అంతకుముందు ఎవరికీ కనిపించని నక్షత్రాలు ఆ చిత్రంలో బయటపడ్డాయి. సొంత స్థలంలో, సొంత వ్యయంతో పనిచేసే వ్యక్తులు కూడా శాస్త్రానికి తోడ్పడగలరని దీనివల్ల రుజువైంది.

వేధశాల స్థాపన

జాఫర్ జంగ్ ఇంగ్లండు నుండి గ్రబ్ సంస్థ తయారుచేసిన 15 అంగుళాల వక్రీభవన దూరదర్శినిని కొనుగోలు చేశాడు. 1901లో నగర శివారున ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాలను నెలకొల్పాడు. దానికి నిజామియా అని పేరు పెట్టుకొనుటకు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ అనుమతిని కోరాడు. తన మరణానంతరం వేధశాలను ప్రభుత్వమే స్వీకరించి నడపాలని కూడా విన్నవించాడు. సొంత వేధశాలలు సాధారణంగా యజమానితోనే అంతరిస్తాయి. ఈ విన్నపం వలన నిజామియాకు ఆ గతి తప్పింది.

మరణానంతరం

జాఫర్ జంగ్ 1907లో మరణించాడు. 1908లో నిజాం ప్రభుత్వ ఆర్థికశాఖ వేధశాలను స్వీకరించింది. మొదటి సంచాలకుడు ఆర్థర్ చాట్‌వుడ్ హయాంలో అది బేగంపేటకు తరలింది. 1887లో పారిస్ సమావేశంలో నిర్ణయించిన ఆకాశపట నిర్మాణంలో చేరి, ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుండి 23 డిగ్రీల వరకు గల భాగాన్ని చిత్రీకరించే బాధ్యతను స్వీకరించింది. ఈ భాగాన్ని మొదట చిలీ దేశంలోని శాంటియాగో వేధశాలకు కేటాయించారు.

ఈ పనికి కుక్ సంస్థ తయారుచేసిన 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌ను ఉపయోగించారు. ఒక్కొక్క గాజు ఫలకం ఆకాశంలో రెండు డిగ్రీల పొడవు, రెండు డిగ్రీల వెడల్పు గల ప్రాంతాన్ని నమోదు చేస్తుంది. భూభ్రమణం వలన నక్షత్రాలు కదులుతున్నట్లు కనిపిస్తాయి. కనుక చిత్రం తీస్తున్నంతసేపూ దూరదర్శినిని వాటి వెంట నడపాలి. లేనిచో బిందువులు గీతలుగా మారుతాయి. తరువాత ప్రతి నక్షత్రం స్థానాన్ని ఫలకంపై కొలిచి లెక్కకట్టాలి.

1914లో సంచాలకుడైన ఆర్.జె.పోకాక్ 1918లో మరణించగా, టి.పి.భాస్కరన్ ఆ పనిని కొనసాగించాడు. తరువాత ఉత్తరాన 36 నుండి 39 డిగ్రీల భాగం కూడా ఈ వేధశాలకు దక్కింది. రెండు భాగాలలో కలిపి నాలుగు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు పట్టికలకెక్కాయి. జాఫర్ జంగ్ కొన్న 15 అంగుళాల దూరదర్శినిని ఆయన మరణించిన పదిహేనేళ్ళకు, 1922లో ప్రతిష్ఠించారు.

వారసత్వం

1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందింది. ప్రఖ్యాత శాస్త్రవేత్త వేణు బప్పు తండ్రి ఇక్కడ ఉద్యోగి కావడంతో, బప్పు చిన్నతనం నుండే దూరదర్శినులతో పరిచయం పెంచుకున్నాడు. 1949లో హార్వర్డులో ఉండగా ఛాయాచిత్ర ఫలకంపై ఒక తోకచుక్కను కనుగొన్నాడు. అది బప్పు-బోక్-న్యూకిర్క్ పేరుతో ప్రసిద్ధమైంది.

నగరం విస్తరించి రాత్రి దీపాలు పెరిగితే మసక వస్తువుల చిత్రణ కష్టమవుతుంది. 1968లో నగరానికి దూరంగా జపాల్-రంగాపూర్ వద్ద 48 అంగుళాల దూరదర్శినితో ఉస్మానియా విశ్వవిద్యాలయపు నూతన వేధశాల ఏర్పడింది. బేగంపేట వేధశాల కాలక్రమేణా మూతపడింది. జాఫర్ జంగ్ కోరిక మేరకు ఆ వేధశాల ఆయన పేరుతో గాక నిజాం పేరుతోనే చరిత్రలో నిలిచింది.