రిపోర్టు మీది పేరు

విడాల్ అంటే సీబీపీ, ఈఎస్ఆర్ లాగా ఏదో ఇంగ్లీషు అక్షరాల పొట్టిపేరు అనుకునేవాణ్ణి. అది ఒక మనిషి పేరని నాకు జ్వరం వచ్చి మంచం ఎక్కాకే తెలిసింది.

సెకండియర్ దసరా సెలవులకు ఎల్లారెడ్డి వచ్చిన రెండో రోజే జ్వరం పట్టుకుంది. ఒక చోట రక్తం తీసి, సాయంత్రానికి విడాల్ పాజిటివ్ అని కాగితం చేతిలో పెట్టారు. టైఫాయిడ్ అన్నారు, గోలీలు రాశారు. నాలుగో రోజుకీ జ్వరం దిగలేదు. బాపు నన్ను కామారెడ్డి తీసుకుపోయాడు. అక్కడి డాక్టర్ గారు కాగితం చూసి, చిన్నప్పుడు ఎప్పుడైనా టైఫాయిడ్ వచ్చిందా అని అడిగారు. ఏడో తరగతిలో వచ్చింది. ఆ కాగితంలో పెరిగి ఉన్నది హెచ్ రకం యాంటీబాడీ ఒక్కటేనని, అది ఏళ్ల తరబడి రక్తంలో ఉండిపోవచ్చని చెప్పి, డెంగీ టెస్టు రాశారు. డెంగీయే. ప్లేట్‌లెట్లు అప్పటికే పడిపోతున్నాయి. ఇంకో రెండు రోజులు ఇంట్లోనే టైఫాయిడ్ గోలీలు మింగుతూ ఉంటే ఏమయ్యేదో అని అమ్మ ఇప్పటికీ అంటుంది.

కోలుకున్నాక తమ్ముడితో బస్సులో తిరిగొస్తుంటే, లింగంపేట దాటాక రోడ్డు పక్కన కోతులు బారుగా కూర్చుని ఉన్నాయి, ఎవరైనా అరటిపండు విసురుతారేమోనని. మన ఊరి నీళ్లు తాగి, మనం పారేసింది తినే వీటికి టైఫాయిడ్ వస్తుందా, వీటి రక్తం తీస్తే విడాల్ పాజిటివ్ వస్తుందా అని తమ్ముడు అడిగాడు. నవ్వాను గానీ జవాబు తెలియదు. ఇంటికెళ్లి వెతికితే ముందు దొరికింది కోతి కాదు, మనిషి.

ఫెర్నాండ్ విడాల్ 1862లో అల్జీరియాలోని డెలిస్ అనే చిన్న రేవు పట్నంలో పుట్టాడు. అప్పుడు అది ఫ్రెంచివాళ్ల పాలనలో ఉండేది. తండ్రి సైన్యంలో డాక్టర్. విడాల్ పారిస్‌లో వైద్యం చదివి, అక్కడి ఆసుపత్రుల్లోనే జీవితం గడిపాడు. టైఫాయిడ్ క్రిమిని 1880లోనే ఎబెర్త్ గుర్తించాడు. కానీ మంచం మీదున్న రోగిది టైఫాయిడ్ జ్వరమా, ఇంకేదైనానా అని మొదటి వారంలో తేల్చడం మహా కష్టం. యాంటీబయాటిక్స్ లేని రోజులవి. 1888లో విడాల్, షాంత్‌మెస్ అనే ఇంకో డాక్టర్‌తో కలిసి, వేడితో చంపిన టైఫాయిడ్ క్రిములను ఎలుకలకు ఎక్కించి, అవి బతికున్న క్రిములను తట్టుకునేలా చేశాడు.

అసలు కథ 1896లో జరిగింది. వియన్నాలో గ్రూబర్, డర్హామ్ అనే ఇద్దరు ఒక వింత గమనించారు. ఒక క్రిమికి అలవాటు పడిన జంతువు రక్తపు సీరాన్ని అదే క్రిములతో కలిపితే, అవి ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి. జబ్బును గెలిచిన శరీరానికి అది గుర్తు అని అప్పటి ఆలోచన. విడాల్ ఆ ప్రశ్నను తిప్పి వేశాడు: ఇంకా జబ్బుతో ఉన్నవాడి రక్తంలో ఆ గుణం కనిపిస్తుందా? కనిపించింది. రోగి సీరాన్ని పలుచన చేసి, చురుగ్గా ఈదే టైఫాయిడ్ క్రిముల్లో కలిపాడు. మైక్రోస్కోపు కింద అవి ఈత మానేసి, విరిగిన పాలలా ముద్దలు కట్టాయి. ఆ జూన్‌లోనే పారిస్ డాక్టర్ల సభ ముందు ఈ సంగతి పెట్టాడు. ముందు ఎవరు కనిపెట్టారని వాదన నడిచింది. జర్మన్ మాట్లాడే చోట గ్రూబర్-విడాల్ అన్నారు. మన రిపోర్టుల మీద విడాల్ ఒక్కడే మిగిలాడు.

ఆయన అక్కడితో ఆగలేదు. కిడ్నీ జబ్బుతో ఒళ్లు వాచినవాళ్లకు ఉప్పు ఆపితే వాపు తగ్గుతుందని చూపించినవాళ్లలో ఆయన ముఖ్యుడు. మా తాతకు ఉప్పు లేని పప్పు పెట్టిన రోజుల వెనుక కూడా ఈయనే ఉన్నాడన్నమాట! మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైనికులకు టైఫాయిడ్, పారాటైఫాయిడ్ టీకాల కోసం పనిచేశాడు. 1929లో పారిస్‌లో చనిపోయాడు.

ఇక కోతుల సంగతి. టైఫాయిడ్ సహజంగా మనిషి నుంచి మనిషికే వచ్చే జబ్బు. 1910 ప్రాంతంలో పారిస్‌లోనే, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో, మెచ్నికాఫ్, బెస్రెడ్కా దాన్ని జంతువుల్లో తెప్పించాలని చూసి, చివరికి మనకు దగ్గరి చుట్టాలైన చింపాంజీల దాకా పోవలసి వచ్చింది. కాబట్టి లింగంపేట కోతులకు మన టైఫాయిడ్ భయం పెద్దగా లేదు. ఒకవేళ విడాల్ పాజిటివ్ వచ్చినా, అది టైఫాయిడ్ క్రిమికి చుట్టమైన ఇంకో క్రిమి పని కావచ్చు.

కానీ పద్ధతి మాత్రం కోతులకూ పనికొస్తుంది. ఎలుకల మూత్రంతో నీళ్లలోకి చేరే లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా ఉంది. ఒక కోతి దాని బారిన పడిందో లేదో తెలుసుకోవాలంటే, ఆ కోతి సీరాన్ని బతికున్న లెప్టోస్పైరాలతో కలిపి, ముద్ద కడుతున్నాయా అని మైక్రోస్కోపులో చూస్తారు. విడాల్ చూసినట్టే. పోయినేడు నాకు జ్వరం వచ్చింది అని కోతి చెప్పలేదు. దాని రక్తమే చెప్పాలి. అక్కడ అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ క్రిమి దీనికి ఎప్పుడైనా తగిలిందా? దానికి యాంటీబాడీ మంచి సాక్షి.

నన్ను అడగాల్సిన ప్రశ్న వేరు: ఇప్పుడున్న జ్వరం దేనిది? టైఫాయిడ్ తరచుగా కనిపించే మన ఊళ్లలో బాగున్నవాళ్ల రక్తంలోనూ కొంత యాంటీబాడీ ఉంటుంది. అందుకే ఒక్క విడాల్‌తో తేల్చలేం. వారం పది రోజుల తేడాతో రెండుసార్లు తీస్తే, రెండోసారి నాలుగు రెట్లు పెరగాలి. అంతకన్నా గట్టిది బ్లడ్ కల్చర్, అదీ యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు.

హాస్టల్లో జ్వరం వస్తే మనం నలుగురం కలిసి ల్యాబ్‌కు పోయి, ఆ కాగితం చూసి మెడికల్ షాపులో గోలీలు కొనేసుకుంటాం. నేనూ చేశాను. విడాల్ ఆ సీరం చుక్కను చూసింది రోగి మంచం పక్కన నిలబడిన డాక్టర్‌గా. ఈసారి కాగితం చేతికొస్తే, దాన్ని ముందు డాక్టర్‌కు చూపించండి. పాత జబ్బులు కూడా చెప్పండి. మనం కోతులం కాదు కదా, నోరుంది.