జూలై 25 – నీలం సంజీవరెడ్డి

రాష్ట్రపతి ప్రమాణ స్వీకారానికి మన రాజ్యాంగం ఏ తేదీనీ నిర్ణయించలేదు. అయినా 1977 నుండి 2022 వరకు ఎన్నికైన రాష్ట్రపతులందరూ జూలై 25వ తేదీనే ప్రమాణం చేశారు. ఈ సంప్రదాయానికి ఆద్యుడు తెలుగువాడైన నీలం సంజీవరెడ్డి.

ఆయన 1913 మే 19న అనంతపురం జిల్లా ఇల్లూరు గ్రామంలో వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. గాంధీజీ ప్రభావంతో 1931లో కళాశాల విద్యను విడిచి స్వాతంత్ర్యోద్యమంలో ప్రవేశించారు. 1940–45 నడుమ అధిక కాలం కారాగారంలోనే గడిపారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ప్రథమ ముఖ్యమంత్రి అయ్యారు. 1967లో లోక్‌సభ సభాపతిగా ఎన్నికైనప్పుడు, ఆ పీఠానికి పక్షపాతం తగదని భావించి పార్టీ సభ్యత్వాన్ని త్యజించారు.

1952 నుండి 1967 వరకు రాష్ట్రపతులు మే 13న పదవీ ప్రమాణం చేసేవారు. 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే మరణించడంతో ఆ ఆనవాయితీ తప్పింది. ఇటువంటి సందర్భంలో ఆరు నెలలలోగా ఎన్నిక జరపాలనీ, ఎన్నికైన వ్యక్తికి పూర్తిగా ఐదేళ్ల పదవీకాలం లభిస్తుందనీ రాజ్యాంగం నిర్దేశిస్తున్నది. ఆ ఎన్నికలో సంజీవరెడ్డి కాంగ్రెస్ అభ్యర్థిగా నిలిచినా, పార్టీలోని అంతఃకలహం కారణంగా వి.వి.గిరి చేతిలో స్వల్ప తేడాతో ఓడిపోయారు. గిరి ఆగస్టు 24న ప్రమాణం చేశారు. సంజీవరెడ్డి రాజకీయాలకు దూరమై, స్వగ్రామంలో సేద్యం చేసుకున్నారు.

1974లో ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ కూడ ఆగస్టు 24ననే పదవి స్వీకరించారు. 1977 ఫిబ్రవరి 11న ఆయన మరణించగా ఆ తేదీ సైతం మారవలసి వచ్చింది. ఆ మార్చిలో జరిగిన లోక్‌సభ ఎన్నికలలో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాలలో జనతాపార్టీకి దక్కినది నంద్యాల ఒక్కటే. అక్కడ గెలిచిన సంజీవరెడ్డి మరల సభాపతి అయ్యారు. జూలైలో పోటీ లేకుండా రాష్ట్రపతిగా ఎన్నికయ్యారు. ఎనిమిదేళ్ల క్రితం చేజారిన పదవి ఏకగ్రీవంగా ఆయనను వరించింది. జూలై 25న పార్లమెంటు సెంట్రల్ హాలులో భారత ప్రధాన న్యాయమూర్తి ఎం.హెచ్.బేగ్ సమక్షంలో, రాజ్యాంగాన్ని పరిరక్షిస్తాననీ ప్రజాసేవకు అంకితమవుతాననీ ప్రమాణం చేశారు.

ఐదేళ్లు పూర్తికాగానే, 1982 జూలై 25న ఆయన స్థానంలో జైల్‌సింగ్ పదవీ ప్రమాణం చేశారు. 1996 జూన్ 1న సంజీవరెడ్డి బెంగుళూరులో కన్నుమూశారు.

ఆయన తరువాత ఎన్నికైనవారు కూడ గడువు నిండగానే పదవిని వారసులకు అప్పగించినందువల్ల ఆ తేదీ స్థిరపడింది. శాసనం విధించని ఈ సంప్రదాయాన్ని నిలిపినది, అధికారాన్ని సకాలంలో విడువగల ప్రజాస్వామ్య సంస్కారమే.