యంత్రశిల్పి జి.డి. నాయుడుగారు

1920వ సంవత్సరమున నెల్లూరు సముద్రతీర గ్రామముల వారు చెన్నపట్టణము పోవలెనన్న రెండే మార్గము లుండెను. బకింగుహాము కాలువలో పడవ యెక్కుట యొకటి. ఎడ్లబండి కట్టించుకొని రైలుస్టేషను చేరుట రెండవది. ఉప్పుబస్తాలు, కట్టెలు మొదలుకొని పెండ్లివారి వరకు సమస్తమును ఆ కాలువ మీదనే సాగిపోవుచుండెను. మోటారుబండి పల్లెటూళ్ల వారికి వింతవస్తువు. ఆ సంవత్సరముననే దక్షిణమున, కోయంబత్తూరు ప్రాంతమునందు, ఇరువదియేడేండ్ల తెలుగు రైతుబిడ్డ యొకడు అప్పుతో కొన్న బస్సునకు తానే డ్రైవరై పొల్లాచి నుండి పళనికి ప్రయాణికులను చేర్చుటకు మొదలిడెను. ఆయనయే గోపాలస్వామి దొరస్వామి నాయుడు. జి.డి. నాయుడన్న పేరుతో ఆయన దేశమంతటను ప్రసిద్ధి కెక్కిరి. భారతదేశపు ఎడిసను అని జనులు ఆయనను కొనియాడిరి.

నాయుడుగారు 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపమున గల కలంగల్ గ్రామమున ఒక వ్యవసాయ కుటుంబమునందు జన్మించిరి. విజయనగర ప్రభువుల కాలమునను, తరువాత నాయకరాజుల కాలమునను వేలకొలది తెలుగు కుటుంబములు దక్షిణమునకు తరలి, కొంగునాట నల్లరేగడి భూములను సాగుచేసికొని అచటనే స్థిరపడినవి. తరములు గడచినను ఆ యిండ్లలో తెలుగు మాట నిలిచియే యున్నది. నాయుడుగారి కుటుంబము అట్టి వానిలో నొకటి. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము. ఈ రెండు భాషల నడుమ ఆయన పెరిగిరి.

చదువు మాత్రము ఆయనకు అబ్బలేదు. బడిలో కూర్చుండుట యన్న ఆ బాలునకు చెరసాలలో నుండుటయే. ప్రాథమిక తరగతులు దాటకుండగనే బడి విడిచి పొలము పనులలో జొరబడెను. అట్టి పిల్లవానిని చూచి పెద్దలు ఇక వీడు నాగలికే సరియని తలంతురు. కాని విధి వేరొక విధముగా నుండెను. ఒకనాడు ఆ గ్రామము మీదుగా ఒక ఆంగ్లేయ ఉద్యోగి రడ్జి మోటారుసైకిలుపై వచ్చెను. ఎద్దు లేదు, గుఱ్ఱము లేదు, త్రొక్కుట లేదు. అయినను బండి పరుగెత్తుచున్నది. ఇది యెట్లు సాధ్యమను ప్రశ్న ఆ యువకుని పట్టుకొని జీవితాంతము విడువలేదు.

ఆ బండిని కొనవలెనన్న చేతిలో డబ్బు లేదు. నాయుడుగారు కోయంబత్తూరు చేరి ఒక హోటలులో వడ్డన పనికి కుదిరిరి. విస్తరులు వేసి, ఎంగిలి గ్లాసులు తీసి, పైసకు పైస కూడబెట్టి, కొన్ని యేండ్లకు ఆ మోటారుసైకిలును కొనిరి. కొన్న పిదప దానిపై ఊరేగలేదు. దాని భాగములన్నియు విప్పి నేలపై పరచి, ఒక్కొక్క దానిని చేతబట్టి పరిశీలించి, ఏది దేనిని కదల్చుచున్నదో తెలిసికొని, మరల బిగించి నడిపిరి. పెట్రోలు ఆవిరియై గాలితో కలియుట, నిప్పురవ్వ తగిలి మండుట, ఆ విసురునకు ముషలకము క్రిందికి పోవుట, ఆ పోటు చక్రమునకు చేరుట, ఇవన్నియు ఆయన పుస్తకమున గాక యినుమునందే చదివిరి. అదియే ఆయన పాఠశాల.

తరువాత ఆయన మెకానిక్కుగా పనిచేసిరి. ప్రత్తి వ్యాపారమున దిగి తిరుప్పూరులో లాభము గడించిరి. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ప్రత్తికి గిరాకి హెచ్చుగా నుండెను. ఆ ధైర్యముతో బొంబాయి పోయి అచటి పెద్ద వర్తకులతో పోటీపడి, ఆర్జించినదంతయు పోగొట్టుకొని వట్టిచేతులతో తిరిగి వచ్చిరి. చాలమంది జీవితములు అంతటితో ముగిసియుండెడివి. నాయుడుగారి అసలు జీవితము అచటనే మొదలైనది.

కోయంబత్తూరున స్టేన్సు కుటుంబము వారు కాఫీతోటలకును, మిల్లులకును, మోటారు వ్యాపారమునకును పేరు పొందినవారు. ఆ కుటుంబపు పెద్ద రాబర్టు స్టేన్సు దొరగారు ఈ యువకుని నేర్పును గమనించి, బస్సు కొనుటకు సహాయము చేసిరి. 1920లో పొల్లాచి, పళనుల మధ్య నడచినది ఆ బస్సే. పళని కుమారస్వామి క్షేత్రము. అచటికి యాత్రికులు ఏడాది పొడవునను పోవుచునే యుందురు. కావున ప్రయాణికులకు కొదువ లేదు. నాయుడుగారే బస్సు నడుపుదురు. చెడిన నాయుడుగారే క్రింద దూరి బాగుచేయుదురు.

ఒక బస్సు పలు బస్సులైనది. వాని యజమానులను కూడగట్టి ఏర్పరచిన యూనివర్సల్ మోటారు సర్వీసు అనతికాలముననే దక్షిణదేశపు పెద్ద బస్సు సంస్థలలో నొకటి యయ్యెను. ఆ దినములలో ఇంజనుతోడి చట్రము మాత్రమే విదేశముల నుండి వచ్చెడిది. దానిపై కొయ్యతోను రేకుతోను బండి శరీరమును నిర్మించుట ఈ దేశపు వడ్రంగులు, కమ్మరుల పని. కావున బస్సు యజమానికి కర్మశాల లేనిదే బ్రతుకు లేదు. నాయుడుగారి కర్మశాల మరమ్మతుతో తృప్తిపడక, ప్రయోగశాలగా మారెను. ఇంజనులోని అదురును కొలిచి దోషము కనిపెట్టు యంత్రమును, టిక్కెట్లు ఇచ్చు యంత్రమును ఆయన రూపొందించిరి. బస్సు బయలుదేరవలసిన వేళకు బయలుదేరవలెను, చేరవలసిన వేళకు చేరవలెను. ఇది ఆయన శాసనము. పెద్దమనిషి వచ్చువరకు బండి నిలుపు ఆచారము సర్వత్ర సాగిన కాలమున, గడియారమునకు పెద్దమనిషి స్థానమిచ్చిన ఘనత ఆయనది.

1930వ దశకమున ఆయన ఐరోపా ఖండమున సంచరించి అచటి కర్మాగారములను స్వయముగా పరిశీలించిరి. 1936వ సంవత్సరము జనవరిలో లండను నగరమున జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను ఆయన తన కెమెరాతో చలనచిత్రముగా తీసిరి. బ్యాటరీతో నడచు చిన్న మోటారు అమర్చిన క్షౌరపు కత్తిని రసాంట్ అను పేర తయారుచేయించిరి. మిక్కిలి పలుచని బ్లేడు, పండ్లరసము తీయు సాధనము, కిరసనాయిలుతో తిరుగు పంకా, మోసమునకు తావులేని ఓటింగు యంత్రము, ఇట్లు ఆయన చేతినుండి వెలువడిన వస్తువులు పెక్కు. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి స్వదేశమున విద్యుత్తు మోటారును నిర్మింపజేసిరి. నేడు కోయంబత్తూరు మోటార్లకు, పంపుసెట్లకు ప్రసిద్ధి. నెల్లూరు తీరమున ఇసుక నేలలలో వేరుసెనగకు నీరు తోడు రైతు ఆ నగరపు మోటారును వాడుచున్నచో, ఆ నీటిబొట్టునకు మూలము 1937 నాటి ఆ కృషిలో కలదు.

1944లో మోటారు వ్యాపార నిర్వహణనుండి ఆయన తప్పుకొని, పరిశోధనకును విద్యార్థి వేతనములకును కార్మికుల క్షేమమునకును ధనము కేటాయించిరి. మరుసటి సంవత్సరము ఆయన పూనికతోను విరాళముతోను కోయంబత్తూరున ఆర్థర్ హోప్ పేర పాలిటెక్నిక్కు, ఇంజనీరింగు కళాశాల వెలసినవి. హోప్ దొరగారు అప్పటి చెన్నరాష్ట్ర గవర్నరు. బడి మానిన మనిషి కళాశాలకు ప్రిన్సిపాలైరి. నాలుగేండ్ల చదువు విద్యార్థికి కాలహరణమనియు, రెండేండ్లు శ్రద్ధగా నేర్పిన చాలుననియు ఆయన వాదించిరి. ప్రభుత్వము అంగీకరింపలేదు, ఆయన పదవిని విడిచిరి. ఆ కళాశాలయే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల.

ఇక ఆయన జీవితమున మిక్కిలి ఆశ గొలిపినదియు, మిక్కిలి బాధ కలిగించినదియు నగు ఘట్టము 1952 నాటిది. ఆ సంవత్సరమున ఆయన కర్మశాలనుండి ఇద్దరు కూర్చుండు చిన్న పెట్రోలు కారు వెలువడెను. దాని వెల రెండువేల రూపాయలు మాత్రమే. నాడు కారు జమీందారులకును, పెద్ద ప్లీడర్లకును, డాక్టర్లకును మాత్రమే అందుబాటులో నుండెను. బడిపంతులును, చిన్న వర్తకుడును కొనగల కారును ఒక బస్సు యజమాని తన షెడ్డులో తయారుచేసి చూపెను. కాని ఆ సంవత్సరము మే నెలలోనే 1951 నాటి పరిశ్రమల అభివృద్ధి, క్రమబద్ధీకరణ చట్టము అమలులోనికి వచ్చినది. లైసెన్సు లేనిదే పెద్ద యెత్తున కార్లను తయారుచేయ వీలు లేదు. నాయుడుగారికి లైసెన్సు లభింపలేదు. కారు అంతటితో ఆగిపోయినది.

ప్రభుత్వమునకును కారణములు లేకపోలేదు. విదేశీమారక ద్రవ్యము కొఱత, ఉక్కు కొఱత; ఉన్నదానిని ఆనకట్టలకును, ఎరువుల కర్మాగారములకును ముందుగా ఖర్చుపెట్టవలెనన్న సంకల్పము; కార్ల నిర్మాణమును కొలది సంస్థలకే పరిమితము చేయవలెనన్న విధానము. ఇవన్నియు ఆలోచింపదగినవే. అయినను సామాన్యుని కారు అను మాట ఆ తరువాత ముప్పదియేండ్లు సంఘములలోను, చర్చలలోను నలిగి, 1983 డిసెంబరులో మారుతి రూపమున గాని రోడ్డెక్కలేదు. కోయంబత్తూరు షెడ్డులోని ఆ చిన్న కారునకు అవకాశమిచ్చియున్న ఏమి జరిగెడిదో చెప్పజాలము. అది నిలిచియుండవచ్చును, విఫలమై యుండవచ్చును. ప్రయత్నించి ఓడుట వేరు, ప్రయత్నింపనీయకుండుట వేరు. నాయుడుగారి మనస్సును నొప్పించినది ఈ రెండవది.

ఆ నొప్పి ఆయనను కఠినునిగా చేసెను. పన్నుల భారమును, నిబంధనలను నిరసించుచు, తాను తయారుచేసిన వస్తువులనే బహిరంగముగా పగులగొట్టించిరి. కష్టపడి చేసిన వస్తువును నాశనము చేయుటకంటె పేదలకు పంచియుండవలసినదని తప్పుపట్టినవారు నాడును కలరు, నేడును కలరు. మహనీయుల కోపమును కూడ మహత్త్వముగా భావింప నక్కరలేదు. కాని ఆ సుత్తిదెబ్బలలో వినవలసిన వేదన యొకటి కలదు.

యంత్రములు మూసిన ద్వారమును నేల తెరచినది. ఆయన తన తోటలో ప్రత్తి, జొన్న, బొప్పాయి మొదలగు పైరులపై ప్రయోగములు సాగించిరి. సర్ సి.వి. రామన్‌గారు, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఆ తోటను దర్శించిరి. ఉదయము పునాది వేసి సాయంకాలమునకు ఇల్లు పూర్తిచేసిన వింతయు ఆయన చేసి చూపిరి. 1967లో పారిశ్రామిక ప్రదర్శనశాలను నెలకొల్పిరి. 1974వ సంవత్సరము జనవరి 4వ తేదీన ఆయన పరమపదించిరి.

నేడు కోయంబత్తూరు అవినాశి రోడ్డున ఆయన పేర ధర్మసంస్థయు, దాని ఆధ్వర్యమున పాత కార్ల ప్రదర్శనశాలయు కలవు. 2025 అక్టోబరులో ఆ రోడ్డుపైననే ప్రారంభమైన పది కిలోమీటర్లకు మించిన పైవంతెనకు ఆయన నామమునే ఉంచిరి. అప్పుతో కొన్న ఒక్క బస్సుతో రోడ్డెక్కిన మనిషికి తగిన స్మారకమే అది.

ఆయన జీవితమును చదివిన యువకుడు చదువు అక్కరలేదని తలచినచో పొరపాటు. చదువు పనికిమాలినదన్నచో ఆయన కళాశాల కొఱకు ధనమిచ్చియుండరు. ఆయన కోరినది చేతికి తెలియని చదువు కాదు, చేతితో నేర్చు చదువు. మోటారుసైకిలును విప్పి నేలపై పరచినవాడును, గ్రంథాలయమున పుస్తకము తెరచినవాడును ఒకే పని చేయుచున్నారు. మూసియున్న దానిని తెరచి లోన ఏమున్నదో చూచుచున్నారు. తీరగ్రామమున పడవ ఇంజను బాగుచేయు కుఱ్ఱవాడు సాయంకాలము చేతులు కడుగుకొని పుస్తకపు బీరువా యెదుట నిలుచుండిన, నాయుడుగారి వంటివారు మరల జన్మింతురన్న ఆశకు ఆధారము కలదు.