వాటర్ స్ట్రీట్‌లో తెరిచిన తలుపు

జెర్రీ మెకాలీ ఐర్లండ్‌లో పుట్టాడు. పదమూడేళ్ల ప్రాయంలో న్యూయార్క్‌లోని అక్క దగ్గరికి చేరి, కొద్దికాలానికే నదిలో ఆగిన ఓడల్లో సరుకు దొంగిలించే ముఠాలో కలిశాడు. పందొమ్మిదేళ్లకు దోపిడీ నేరంపై పదిహేనేళ్ల శిక్ష పడింది. ఆ ఒక్క నేరం మాత్రం తాను చేయలేదని ఆయన చెప్పుకునేవాడు.

సింగ్‌సింగ్ జైలులో ఒక ఆదివారం ఆర్విల్ గార్డ్‌నర్ సాక్ష్యం చెప్పాడు. అతడు ఒకప్పటి ముష్టియోధుడు, జెర్రీకి పాత జీవితంలో తెలిసినవాడే. బోధకుల మాటలకు కదలని హృదయం ఆ రోజు కదిలింది. జెర్రీ బైబిలు పట్టుకున్నాడు, కన్నీటితో ప్రార్థించాడు.

1864లో క్షమాభిక్షతో విడుదలయ్యాడు. గేటు బయట ఎదురుచూసే మనిషి లేడు, వెళ్లడానికి ఇల్లు లేదు. చివరకు దొరికిన బస ఒక బీరు దుకాణం! ఎంతో కాలం గడవకముందే మళ్లీ తాగుడు, మళ్లీ నదిమీద దొంగతనాలు. చెరసాలలో వాక్యం చెప్పడానికి మన సంఘాలు ఉత్సాహంగా వెళతాయి గానీ, విడుదలైన ఖైదీ ఆ రాత్రి ఎక్కడ పడుకుంటాడని అడిగేవారు ఎందరు?

కొన్నేళ్లకు ఒక మిషనరీ ఆయనను వెదికి పట్టుకున్నాడు. జెర్రీ మళ్లీ ప్రభువు దగ్గరికి వచ్చాడు, పలుమార్లు పడ్డాడు, పడిన ప్రతిసారీ ఎవరో ఒకరు చేయి అందించారు. అందుకే కాబోలు, తర్వాత తన దగ్గరికి వచ్చి పడిపోయినవారిని ఆయన వదులుకోలేదు.

1872 అక్టోబరులో 316 వాటర్ స్ట్రీట్‌లో, పూర్వం నాట్యశాలగా ఉన్న ఇంట్లో పరిచర్య మొదలైంది. భవనం ఇచ్చింది హ్యాచ్ అనే బ్యాంకరు. అయితే వీధిలోని తాగుబోతులు, దొంగలు లోపలికి వచ్చింది బ్యాంకరును చూసి కాదు. తమలో ఒకడు అక్కడ శుభ్రమైన బట్టలతో నిలబడి ఉన్నాడు. భార్య మరియా కూడా తాగుడు నుంచి బయటపడినదే. ఆకలిగొన్నవారికి రొట్టె, చలిలో ఉన్నవారికి ఆశ్రయం దొరికేవి. కూటంలో పెద్ద ప్రసంగాలు ఉండేవి కావు. మారినవారే లేచి తమ సంగతి క్లుప్తంగా చెప్పేవారు.

1882లో జెర్రీ ముప్పై రెండో వీధిలో క్రెమార్న్ మిషన్ ప్రారంభించాడు. ఆ ఏడే అక్కడికి శామ్యూల్ హ్యాడ్లీ అనే తాగుబోతు వచ్చి మోకాళ్లూనాడు. 1884లో క్షయవ్యాధితో జెర్రీ ప్రభువునందు నిద్రించాడు. 1886లో వాటర్ స్ట్రీట్ బాధ్యత చేపట్టినవాడు ఆ హ్యాడ్లీయే. 1906లో మరణించేవరకు ఆయన అక్కడే సేవ చేశాడు.