రంగు ఆలస్యమైంది.. రహస్యం బయటపడింది

అమ్రాబాద్ నుంచి బస్సెక్కి అచ్చంపేట దవాఖానకు పోయి ఇంట్లో పెద్దవాళ్లకు ఎప్పుడైనా రక్తపరీక్ష చేయించారా? కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల రిపోర్టులో క్రియాటినిన్‌తో పాటు ఫాస్ఫరస్ అని కూడా ఉంటుంది. పెద్దవాళ్లలో అది సాధారణంగా డెసిలీటరుకు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. ఆ అంకెను తేల్చే పద్ధతి వెనక ఒక తెలుగువాడు ఉన్నాడని మీకు తెలుసా? ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. మందులు కనిపెట్టిన శాస్త్రవేత్తగా ఆయన గురించి జీకే పుస్తకాల్లో చదివే ఉంటారు. అయితే ఆ మందులన్నిటికంటే ముందు ఆయన చేసింది ఒక కొలత. బయోమెడికల్ రంగంలోకి వెళ్దామనుకుంటే మీకు పనికొచ్చే కథ అదే.

మూడోసారికి మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో డబ్బుకు కటకట. చిన్నప్పుడు కాశీకి పోయి అరటిపండ్లు అమ్ముకుందామని ఇల్లు విడిచి పారిపోతే, తల్లి వెనక్కి తీసుకొచ్చారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు గౌను వేసుకుని సర్జరీ క్లాసుకు వెళ్లడం ప్రొఫెసర్‌కు నచ్చలేదు. చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకంటే చిన్నదైన ఎల్‌ఎంఎస్. కొన్నాళ్లు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1922 అక్టోబరులో బోస్టన్ చేరుకున్నారు. ఖర్చుల కోసం అక్కడి ఆసుపత్రిలో చిన్నాచితకా పనులు చేస్తూనే చదువు సాగించారు.

నీలిరంగు లెక్క

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర ఆయనకు దొరికిన పని రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలవడం. అప్పటికి ఉన్న పద్ధతులతో ఇబ్బందులుండేవి. 1925లో ఇద్దరూ కలిసి కొత్త పద్ధతి ప్రచురించారు. సూత్రం తేలికే. నమూనాలో ఆమ్లం, మాలిబ్డేట్ కలిపితే అవి ఫాస్ఫేట్‌ను పట్టుకుంటాయి. దానికి మరో రసాయనం చేర్చగానే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. దీన్నే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటారు. ఇప్పటి ఆటో అనలైజర్లలో కూడా ఫాస్ఫరస్ పరీక్షకు ఎక్కువగా వాడేది మాలిబ్డేట్ రసాయనమే.

అసలు మలుపు తర్వాత వచ్చింది. కండరం నుంచి తీసిన రసంలో రంగు రావాల్సినంత త్వరగా రాలేదు. మెల్లమెల్లగా పెరుగుతూ పోయింది. మనమైతే ఏం చేసేవాళ్లం? రసాయనం పాడైందని పారబోసి మళ్లీ మొదలుపెట్టేవాళ్లమేమో. వాళ్లిద్దరూ ఆ ఆలస్యం ఎందుకని ఆరా తీశారు. కండరంలో ఫాస్ఫేట్ విడిగా లేదు. క్రియాటిన్‌తో అతుక్కుని ఉండి, పరీక్ష జరుగుతుండగా కొద్దికొద్దిగా విడిపోతోంది. అలా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ లోకానికి తెలిసింది. కండరం పనిచేస్తే అది తగ్గుతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్లీ నిండుతుంది. కండరం కదలడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని నమ్ముతున్న రోజులవి. ఆ నమ్మకం కదిలిపోవడానికి ఇదొక కారణం. 1929లో జర్మనీలో కార్ల్ లోమాన్, ఇక్కడ వీళ్లిద్దరూ ఎవరికి వారుగా ఏటీపీని కూడా గుర్తించారు.

కొలత నుంచి మందు దాకా

ఇంత చేసినా హార్వర్డ్‌లో పర్మనెంట్ ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లి పరిశోధన బృందాన్ని నడిపించారు. బ్యాక్టీరియా ఎంత పెరుగుతోందో కొలుచుకుంటూ ఆ బృందం ఫోలిక్ యాసిడ్‌ను వేరుచేసి, తయారుచేసింది. క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ యాంటీబయాటిక్, బోదకాలు రాకుండా మన ఊళ్లలో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర.. ఇవన్నీ ఆయన నాయకత్వంలో వచ్చినవే. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే నిద్రలోనే కన్నుమూశారు.

మీరేం చేయొచ్చు?

ఉస్మానియా ఇంజినీరింగ్ కళాశాలలో, ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగాలున్నాయి. గేట్‌లో ఈ సబ్జెక్టుకు బీఎం పేరుతో ప్రత్యేక పేపర్ ఉంది. ఈసీజీ అయినా, రక్తపరీక్ష యంత్రమైనా రీడింగ్ తేడాగా వస్తే ముందు యంత్రం క్యాలిబ్రేషన్ చూడండి. తర్వాత రసాయనాన్ని, నమూనాను సరిచూడండి. అన్నీ సరిగానే ఉన్నా తేడా అలాగే ఉంటే మాత్రం దాన్ని కొట్టేయకండి, నోట్‌బుక్‌లో రాసుకోండి. హార్వర్డ్ ల్యాబ్‌లో సుబ్బారావు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పిన సంగతి అప్పటికి ఆయన్ను ఎవరూ అడగలేదు.