కరువులో బాప్తిస్మాలు ఆపిన క్లౌ దొర

ఒంగోలులో ప్రార్థన కొండ పేరు విననివారు తక్కువ. 1854 జనవరి 1న తెల్లవారుజామున అయిదుగురు ఆ కొండ ఎక్కారు. నెల్లూరు నుంచి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జువెట్, ఆయన భార్య, మరి ముగ్గురు తెలుగు క్రైస్తవులు. నెల్లూరులో మిషను పని 1840లో మొదలైనా అందులో చేరినవారు బహు కొద్దిమంది. ఫలితం లేని చోట పని ఎందుకు, మూసివేద్దామన్న ఆలోచన అమెరికాలో సాగుతున్న కాలమది. కొండమీద నుంచి కనిపిస్తున్న పల్లెల కోసం, ఒంగోలుకు ఒక బోధకుడు రావడం కోసం ఆ అయిదుగురూ మోకరించి ప్రార్థించారు. ఇద్దరు ముగ్గురు తన పేరిట కూడినా దేవుడు వారి మధ్య ఉంటాడన్నది క్రైస్తవుల నమ్మకం. ఆ ప్రార్థనకు జవాబుగా వచ్చినవాడే జాన్ ఎవరెట్ క్లౌ అని ఇక్కడి విశ్వాసులు చెప్పుకుంటారు.

క్లౌ 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో పుట్టారు. చిన్న వయసులో భూముల సర్వే పని చేశారు. 1865లో నెల్లూరు చేరి తెలుగు నేర్చుకున్నారు. 1866 సెప్టెంబరులో భార్య హారియెట్‌తో వచ్చి ఒంగోలులో స్థిరపడ్డారు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘం ఏర్పడింది.

ఆ నెలలోనే యర్రగుంట్ల పేరయ్య పిలుపు మీద క్లౌ పడమటి పల్లెలకు బయలుదేరారు. పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. యోగమార్గంలో దేవుణ్ణి వెదికి, ఆ తరువాత క్రీస్తును నమ్మినవాడు. తాళ్లకొండపాడు దగ్గర చింతతోపులో డేరా వేశారు. చుట్టుపక్కల పల్లెలవారు తిండిగింజలు, ఉతికిన బట్టలు మూటకట్టుకుని వచ్చి రోజుల తరబడి అక్కడే ఉన్నారు. పగలు బోధ, ప్రార్థన. చివరకు 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

దానితో క్లౌకు చిక్కు వచ్చిపడింది. మాదిగలను చేర్చుకుంటే తాము రాబోమని ఒంగోలులోని పై కులాలవారు తేల్చి చెప్పారు. మిషను బడి నుంచి పిల్లలు వెళ్లిపోయారు. భార్యాభర్తలు వేర్వేరు గదుల్లో ప్రార్థనకు కూర్చుని బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనిపించిందట. అది కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో, లోకం అల్పులని ఎంచినవారినే దేవుడు ఎన్నుకుంటాడని చెప్పే చోటు. ఇక క్లౌ వెనుకాడలేదు.

కలిసి ఆరాధించడం ఆ పల్లెలవారికి తేలికగా దక్కలేదు. ఆదివారం పనికి రామన్నందుకు, జాతరలో డప్పు కొట్టమన్నందుకు ఊరు వారిమీద కత్తికట్టింది. చాకలి బట్టలు ఉతకడు, కుమ్మరి కుండ అమ్మడు. బీటిలో పశువులను మేయనివ్వరు. చెప్పులు కుట్టే పని ఇవ్వరు. కోతలకు పిలవరు, ఏటా వచ్చే గింజలు రావు. అయినా ఆదివారం కూడిక మానలేదు.

ఇంతలో 1876లో ధాత కరువు పడింది. పల్లెలకు పల్లెలు ఆకలికి అల్లాడాయి. పనికి కూలి ఇప్పిస్తే జనం బ్రతుకుతారని తలచి, క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నారు. పాత సర్వే పని అక్కరకు వచ్చింది. ఉపదేశులనే మేస్త్రీలుగా పెట్టారు. మధ్యాహ్నం కూలీలు పని ఆపి కూర్చున్నప్పుడు ఉపదేశులు వారి మధ్య కూర్చుని దేవుని మాట చెప్పేవారు, ప్రార్థన చేసేవారు. నమ్ముతామని, బాప్తిస్మం ఇమ్మని వేలమంది అడిగారు.

క్లౌ ఇవ్వలేదు. కూలి చేతిలో పడుతున్నంత కాలం ఎవరు దేవుని కోసం వస్తున్నారో, ఎవరు తిండి కోసం వస్తున్నారో ఎలా తెలుస్తుంది? అందుకే పదిహేను నెలలపాటు బాప్తిస్మాలు నిలిపివేశారు. 1878 జూన్ నాటికి కరువు సాయం ముగిసింది. ఇక ఇవ్వడానికి డబ్బు లేదని క్లౌ చెప్పారు. డబ్బు మాకు వద్దు, కష్టపడి బ్రతుకుతాం, మమ్మల్ని మాత్రం సంఘంలో చేర్చుకోండని పల్లెలవారు బదులు చెప్పారు.

ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర అందరూ కూడారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు ఉపదేశులు ఇద్దరిద్దరుగా వంతులవారీగా నీటిలో నిలబడి ఇచ్చారు. ఏడాది ముగిసేసరికి ఆ సంఖ్య 9,606కు చేరింది. కరువు సాయమే ఇంతమందిని లాక్కొచ్చిందన్న విమర్శ అప్పుడూ ఉంది, ఆ తరువాతా ఉంది. నదికి వచ్చేనాటికి ఇవ్వడానికి క్లౌ చేతిలో ఏమీ లేదన్నది మాత్రం వాస్తవం.

ఇంతమందిని ఒక్క దొర చూసుకోలేడు. పల్లెపల్లెకు ఉపదేశులు ఉండేవారు. తగవులు, సంఘం పనులు పల్లె పెద్దలే పాత పంచాయతీ పద్ధతిలో తీర్చుకునేవారు. మూడు నెలలకొకసారి ఉపదేశులు ఒంగోలు చేరి తమ పల్లెల కష్టసుఖాలు చెప్పుకుని, కలిసి ప్రార్థించి, ప్రభువు బల్లలో పాలుపొంది తిరిగి వెళ్లేవారు.

క్లౌ 1910 నవంబరు 24న అమెరికాలోని రోచెస్టరులో కన్నుమూశారు. ఒంగోలులో జువెట్ పేరిట చర్చి ఉంది, ప్రార్థన కొండ ఉంది. దేవుడు కలిసి ప్రార్థించేవారి మధ్య ఉంటాడన్న నమ్మకంతో, మందిరం కట్టే స్తోమతు లేని రోజుల్లోనూ ఈ ప్రాంతపు పల్లెలవారు చెట్టుకింద ఆరాధన సాగించారు. ఆ నమ్మకాన్ని కూలి డబ్బుతో ముడిపెట్టకుండా పదిహేను నెలలు ఓర్చుకున్నాడు గనుకనే క్లౌ దొరను ఈ నేల గుర్తుంచుకుంది.