కాటిలో నిలిచి చూచిన కవి: గుఱ్ఱం జాషువ



పల్లెలో సత్యహరిశ్చంద్ర నాటకము ఆడినప్పుడు కాటిసీను కొరకు తెల్లవారుజాము దాక మేలుకొని కూర్చున్నవారు మనలో అనేకులు కలరు. ఆ సీనులో మన గుండె కలచిన పద్యములు కొన్ని నాటకము వ్రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతము గారివి కావు. అవి నటులు తెచ్చి కలుపుకొన్న గుఱ్ఱం జాషువ గారి "శ్మశానవాటి" పద్యములు. ఆయన క్రైస్తవ గృహములో పెరిగినవాడని ఎందరికి తెలియును?

జాషువ 1895 సెప్టెంబరు 28న గుంటూరు సీమలోని వినుకొండలో జన్మించెను. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. బడిలో తోటి పిల్లలే ఆయనను అంటరానివాడని దూరముంచిరి. పొట్టకూటికై రాజమహేంద్రవరములో మూగ సినిమాలకు కథ చదివి వినిపించెను. తరువాత గుంటూరులో లూథరన్ సంఘమువారి శిక్షణాలయములో పది సంవత్సరములు ఉపాధ్యాయుడుగా నుండెను. పద్యము వ్రాసినందుకు అగ్రవర్ణములవారు అవమానించిరి; క్రైస్తవుడై యుండి హిందూ కథలు వ్రాయుచున్నాడని మన పెద్దలును వెలివేసిరి. ఈ రెండవ మాట వ్రాయుటకు మాకు సిగ్గుగా నున్నది, అయినను దాచరాదు.

అట్టి మనుష్యుడు శ్మశానములో నిలిచి ఏమి చూచెను? కవి కలము, రాజు ముద్రిక, క్రొత్త పెండ్లికూతురి నల్లపూసలు అన్నియు అక్కడ ఒక్కటిగా మాసిపోవుట చూచెను. అంటరానితనమునకు అక్కడ చోటు లేదని కనుగొనెను. యోబు గ్రంథము మూడవ అధ్యాయము చదివినవారికి ఇది క్రొత్త కాదు. ఘనులును అల్పులును అక్కడ ఒకటే, దాసునికి యజమానుడు లేడు.

మరణమును ఎదురుగా చూచి జీవితమునకు అర్థము వెదకుట పశ్చిమ దేశపు రచయితలును చేసిరి. ఫ్రెంచి రచయిత కామూ 1942లో ప్రకటించిన నవలలో మరణశిక్ష పడినవాడొకడు, పాదిరిని పంపివేసి, చావు ముంగిట తాను సుఖముగానే బ్రదికితినని గ్రహించును. విశ్వాస విషయమున ఆ నవలతో మనకు పొత్తు లేదు. అయితే ఆ ఖైదీకి చెరసాలలో తన ఒక్కని బ్రతుకే కనబడెను. జాషువకు కాటిలో ఊరంతయు కనబడెను. చచ్చిన తరువాత పోవు అంటు బ్రదికియుండగా ఎందుకు పోదని ఆయన ప్రాణము కొట్టుకొనెను. 1941లో వెలువడిన "గబ్బిలము"లో ఆ బాధయే కాశీ విశ్వనాథునికి కబురై వెళ్లెను.

ఇప్పుడు ఉప్పల్, నాచారముల తట్టు పొలములు పోయి ఇండ్లు లేచినవి. సమాధికి ఆరడుగుల చోటు దొరకుట కష్టమైనది. అట్టి చోటనైనను, మన పల్లెలలోనైనను, ఫలానావారి దొడ్డిలో ఫలానావారిని పాతిపెట్టరాదను మాట సంఘస్థుల నోటనే విన్నప్పుడు మేము జాషువను తలంచుకొందుము. కాటిలో లేదని ఆయన పాడిన భేదమును మనమే అక్కడికి మోసికొని పోవుచున్నాము గదా!

లాజరు సమాధి యొద్ద ప్రభువు కన్నీరు విడిచిన సంగతి యోహాను సువార్త 11వ అధ్యాయములో నున్నది. ఆ ప్రభువును గూర్చి జాషువ "క్రీస్తు చరిత్ర" వ్రాసెను. మనవారు వెలివేసిన చేతితోనే వ్రాసెను. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. 1970లో పద్మభూషణ్ బిరుదు నిచ్చిరి. 1971 జూలై 24న గుంటూరులో ఆయన కన్ను మూసెను.